తెలిసి చేసే హాని

మేలుతో పాటు కీడూ చేయవచ్చని ముందే తెలిసిన మందును రోగికి ఇవ్వడం ధర్మమేనా? వైద్యనీతిలో ఇది పాత ప్రశ్నే. రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్ దాన్ని మరింత పదునెక్కించింది.

హెర్2 ప్రోటీన్ ఎక్కువగా ఉన్న కణితుల కోసం రూపొందిన ఈ యాంటీబాడీకి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. గురి చూసి కొట్టే మందుగా దీనికి పేరు. కానీ అదే హెర్2 గుండె కండరంలోనూ ఉంటుంది. ఒత్తిడిని తట్టుకోవడానికి ఆ కణాలకు అది కావాలి. 2001లో వెలువడిన ప్రధాన అధ్యయనంలో, ఆంత్రాసైక్లిన్ కీమోతో కలిపి ఈ మందు తీసుకున్నవారిలో 27 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింది. ఆ కీమో ఒక్కటే తీసుకున్నవారిలో అది 8 శాతం. అయినా మొత్తం మీద ఎక్కువ కాలం బతికింది మందు తీసుకున్నవారే.

13వ శతాబ్దపు క్రైస్తవ తాత్త్వికుడు థామస్ అక్వినాస్ ఆత్మరక్షణను చర్చిస్తూ, ఒకే పనికి రెండు ఫలితాలు ఉండవచ్చునని, పని మంచిచెడ్డలను తేల్చేది ఉద్దేశించిన ఫలితమేనని వాదించాడు. తర్వాతివారు దీనికి షరతులు చేర్చారు: కీడు మేలుకు సాధనం కాకూడదు, మేలు కీడును మించాలి. క్యాన్సర్ తగ్గేది గుండె దెబ్బతినడం వల్ల కాదు కాబట్టి ట్రాస్టుజుమాబ్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. అయితే ఈ తూకం పనికి ముందు ఒక్కసారి వేసేదిగానే కనిపిస్తుంది. తొలిదశ క్యాన్సర్‌లో చికిత్స సుమారు ఏడాది సాగుతుంది. మొదటి రోజు సరిపోయిన లెక్క ఆరో నెలలో తారుమారు కావచ్చు.

ఇక్కడ జైన చింతన ఎక్కువ దారి చూపుతుంది. జైన ఆచార్యుడు ఉమాస్వాతి రాసిన తత్త్వార్థసూత్రం హింసను నిర్వచించేటప్పుడు ప్రాణహానితో పాటు అజాగ్రత్తనూ లెక్కలోకి తీసుకుంటుంది. జైన మునులు అడుగు ముందు నేలను చూసుకుంటూ నడిచేది అందుకే. దారిలో ప్రాణులున్నాయని తెలిసీ చూడకుండా నడిస్తే, మంచి ఉద్దేశం ఆ దోషాన్ని కడిగేయదు.

చికిత్సలో ఆ చూపు పేరు ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండ్ పరీక్ష. రోగి ఎడమవైపు తిరిగి పడుకుంటే, జెల్ రాసిన ప్రోబ్‌ను పక్కటెముకల సందున ఆనించి, గుండె ప్రతి స్పందనకూ ఎంత రక్తాన్ని బయటికి నెడుతుందో చెప్పే, జనం పంపింగ్ అని పిలిచే శాతాన్ని కొలుస్తారు. చికిత్సకు ముందు ఒకసారి, తర్వాత మూడు నెలలకోసారి. 64 ఉన్నది 47కు పడిపోయిందనుకుందాం. మొదటి కొలతకన్నా 16 పాయింట్లు, అంతకు మించి తగ్గితే కనీసం నాలుగు వారాలు మందు ఆపమని నిబంధన. చాలామందిలో గుండె తిరిగి కోలుకుంటుంది.

యంత్రం పట్టుకోలేనిది రోగి నోటి నుంచే రావాలి: పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం. మందు ఆపేస్తారన్న భయంతో ఈ మాటలు మింగేసేవారున్నారు. ఆ భయాన్ని ముందే అడిగి తెలుసుకోవడం కూడా వైద్యుడి జాగ్రత్తలో భాగమే. అది లేని అంగీకారపత్రం సంతకానికే పరిమితం. ఎకో సదుపాయం లేని ఊరి నుంచి వచ్చే రోగికి ఆ ఏర్పాటు చూపకుండా మందు రాయడమూ కళ్లు మూసుకుని నడవడమే.

శస్త్రచికిత్సతో పాటు ఇచ్చే చికిత్సలో చివరి డోసు పూర్తయ్యాక కూడా కనీసం రెండేళ్లపాటు, ఆరు నెలలకోసారి గుండెను పరీక్షించాలి.