గోడ వెనుక నిలిచిన వందనము



మన యిండ్లలో శ్రావణమాసపు లింగపూజలు సాగు రోజులలోనే తరచుగా ఆగస్టు 15 వచ్చుచుండును. గత సంవత్సరము బోధనులో పెద్దలొకరు నన్నిట్లడిగిరి: “సారూ, ఇష్టలింగము తప్ప వేరు దైవమునెరుగని వీరశైవుడు ఒక గుడ్డకు వందనము చేయవచ్చునా?”

అడుగదగిన ప్రశ్నయే. ఇష్టలింగమును అరచేతనుంచుకొని చూచునపుడు మనము రాతిని పూజించుట లేదు; దానియందు వెలుగు ఎరుకను పూజించుచున్నాము. అట్లే జెండా వందనము నూలుబట్టకు కాదు. దాని క్రింద ఎక్కువవాడును లేడు, తక్కువవాడును లేడు అని ఈ దేశము ఒప్పుకొన్న మాటకు ఆ వందనము. ఆ మాట మనకు క్రొత్తది కాదు. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కల్యాణములో నాటిన మాటయే అది. ఆ కల్యాణము 1956 వరకు మనతోబాటు హైదరాబాదు రాష్ట్రములోనే యుండినది.

మన ప్రాంతమున ఈ వందనమునకు చెల్లించిన వెలయు హెచ్చే. 1947 ఆగస్టు 15న దేశమంతట త్రివర్ణ పతాకము లెగిరినవి. నిజాము ఏలుబడిలోని మన గడ్డపై మాత్రము దానిని ఎగురవేయుట నేరమైనది. ఆనాడే స్వామి రామానందతీర్థ నిర్బంధింపబడిరి. 1948లో మన నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా నుండిరి. దాశరథి బొగ్గుతో జైలు గోడలపై పద్యములు వ్రాసిరి. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిన పిదపనే, దేశముకంటె పదమూడు నెలలు ఆలస్యముగా, మనకు స్వేచ్ఛ లభించినది.

ఈ చరిత్రను ఏటేట పిల్లలకు చెప్పు నేనే ఒక యేడు తప్పు చేసితిని. మా బడి ఊడ్చు అమ్మ ఆనాడు చీకటితో వచ్చి, వానకు బురదయైన మైదానమున మొరము పరచి, జెండా గద్దె కడిగి, ముగ్గు వేసినది. శక్కర్‌నగరులోని షుగరు ఫ్యాక్టరీ 2015 చివర మూతపడిన నాటినుండి ఆ యింటికి ఆమె జీతమే ఆధారము. జెండా ఎగురవేయు సమయమున నేనామెను “లడ్డూల దగ్గర ఉండుమమ్మా” అని వంటగదికి పంపితిని. వేడుక ముగిసినది. చప్పట్లు మ్రోగినవి. అటుపిమ్మట ఒక చిన్నపిల్ల నావద్దకు వచ్చి, “సార్, జనగణమన వినబడగానే అమ్మ చీపురు ప్రక్కన పెట్టి గోడ వెనుక నిలబడింది. ఆమెకు జెండా కనబడలేదు” అనినది.

ఆ రాత్రి పూజలో నాకు మనసు నిలువలేదు. సత్యక్క తలపునకు వచ్చినది. శరణుల వాకిళ్లూడ్చుటయే ఆమె కాయకము. చీపురు పట్టిన ఆ చేతికి శరణుల నడుమ చోటు దొరికినది. ఆమె వచనములు నేటికిని నిలిచియున్నవి. బసవని పేరు రోజును తలచు నేను మా బడి మైదానమున ఆ చోటు ఇయ్యలేకపోతిని. చెప్పులు కుట్టు హరళయ్య “శరణు” అనగా బసవన్న “శరణు శరణార్థి” యని రెండింతలుగా బదులు పలికెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. ఆ అమ్మ ప్రతిదినము ఉదయమున నాకు నమస్కరించెడిది. నేను తల యూపి సాగిపోయెడివాడను.

మరుసటి యేడు ఆమె ముందు వరుసలో నిలిచినది. లడ్డూల కాపలా నాదైనది. దానిని శిక్షగా గాక దాసోహముగా స్వీకరించితిని.

కావున ఆ పెద్దలకు నేనిచ్చిన బదులు ఇదియే. ఎదపై లింగముతోనే జెండా వందనమునకు పొండు. అయితే త్రాడు లాగుటకు ముందు ఒక్క క్షణము ఆగి చుట్టును చూడుడు. చెరకు నరుకు కూలీ, మూటలు మోయు హమాలీ, బీడీలు చుట్టు తల్లి ఎచ్చట నిలిచియున్నారో కనుగొనుడు. గోడ వెనుకనున్నచో పిలుచుకొని రండు. వారికిని జెండా కనబడిన పిదపనే అది ఎగురుగాక. అట్టి వందనము దేశమునకు చెందును, లింగమునకును చేరును.

శరణు శరణార్థి.