ఉప్పుపర్రలో పచ్చని ఆకు

ధ్యాన భాగములు: యెహెజ్కేలు 47:8-12, యోబు 39:5-6, యిర్మీయా 17:5-8



చవిటి నేల ఎట్టిదో మన పల్లెలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఎండ కాయగానే నేలమీద తెల్లని పొర తేలును. విత్తినది మొలవదు, మొలిచినను చివర్లు మాడిపోవును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమమీదికి వచ్చినప్పుడు వేలాదిమంది ప్రాణములు పోయినవి. మిగిలినవారి పొలములలో సముద్రపు నీరు నిలిచి ఉప్పు దిగినది. అట్టి పొలము గట్టున నిలిచి, “మేమేమి పాపము చేసితిమి?” అని అడుగువారుందురు. ప్రక్కన నిలిచి, “ఏమి చేసిరో గదా!” అని గుసగుసలాడువారును ఉందురు. ఈ ఇరువురికిని దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నదో ఈ నెల ధ్యానించుదము.

యెహెజ్కేలు ప్రవక్త చూచిన దర్శనము మీరెరుగుదురు. మందిరపు గడప క్రిందనుండి నీళ్లు ఉబికి, తూర్పుగా పారి, ఉప్పు సముద్రములో పడును. ఆ సముద్రము బాగగును. ఏన్గెదీ మొదలుకొని ఏనెగ్లాయీము వరకు జాలరులు వలలు పరతురు. ఈ మాట చదివి మనము ఆనందింతుము. కాని 11వ వచనమును తొందరగా దాటిపోవుదుము. ఆ సముద్రపు బురద నేలలును ఊబులును మాత్రము బాగుపడక ఉప్పుగానే విడువబడునని అక్కడ వ్రాయబడియున్నది. జీవనది పారెను, అయినను ఉప్పుపర్ర మిగిలెను! ఎన్నో ప్రార్థనలు చేసియు మారని కష్టముతో గుడికి వచ్చు విశ్వాసికి ఈ వచనము తన ఇంటి సంగతియే అనిపించును.

ఆ స్థలమును కొంచెము దగ్గరగా చూతము. ఉప్పు సముద్రపు నీటిమట్టము లోకమందలి సముద్రములకంటె 430 మీటర్లకు మించిన దిగువన ఉన్నది. దాని నీటిలో నూటికి 30 పాళ్లకు మించి ఉప్పే, చేప బ్రదుకదు. చుట్టును ఎడారి, ఏడాదికి 100 మిల్లీమీటర్ల వానయైనను సాధారణముగా పడదు. 1947లో ప్రాచీన లేఖనముల చుట్టలు బయటపడిన కుమ్రాను గుహలకు దక్షిణముగా, సుమారు 3 కిలోమీటర్ల దూరమున, కొండ పాదమునుండి ఊటలు పుట్టుచున్నవి. ఐన్ ఫష్ఖా అని దాని పేరు. ఏనెగ్లాయీము ఇదియే కావచ్చునని కొందరు పండితుల తలంపు. ఆ ఊట నీరు సముద్రమంత ఉప్పు కాదు, మన బావి నీటివలె తియ్యనిదియు కాదు. అది పారినంత మేర ఉప్పు బురద పరచుకొనియున్నది.

ఆ బురదలో ఒక మొక్క కాదు, అనేక జాతుల మొక్కలు పెరుగుచున్నవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు, ఒక్కొక్క విధము.

ఊట దగ్గర, ఉప్పు తక్కువగానున్న చోట, రెల్లు నిలుచును. అది ఉప్పును చాలావరకు వేరులయొద్దనే ఆపివేయును.

అబ్రాహాము బెయేర్షెబాలో నాటిన పిచుల వృక్షపు జాతి చెట్లు అక్కడ కలవు. ఆ చెట్టు ఉప్పును నీటితోకూడ పీల్చుకొనును; పిమ్మట ఆకులలోని సూక్ష్మమైన గ్రంథులగుండ దానిని బయటికి విడుచును. రాత్రివేళ ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకొని బొట్లు బొట్లుగా రాలును.

ఇంకొక పొద కలదు. ఆకలిగొన్న దరిద్రులు దాని ఆకులు దూసికొనుచుండిరని యోబు 30:4లో చెప్పబడిన మొక్క ఇదేనని అనేకులు తలంచుదురు. హెబ్రీలో దాని పేరే ఉప్పు అను మాటనుండి పుట్టినది. అది ఉప్పును ఆకుమీది సన్నని బుడిపెలలో దాచును. అవి పగిలి ఎండి ఆకు వెండివలె తెల్లబడును. ఆ తెలుపే మండుటెండనుండి దానిని కాపాడును.

సముద్రము వైపు మరికొంత ముందుకు పోయినయెడల ఆకులు దళసరియైన చిన్న మొక్కలు కనబడును. అవి ఉప్పును లోపలనే ఉంచుకొని, దానికి తగినంత నీరు కూడబెట్టుకొని, కాడలను ఆకులను ఉబ్బించుకొని బ్రదుకును.

ప్రియులారా, దేవుడు ఆ ఉప్పును తీసివేయలేదు; ఆ ఉప్పులో బ్రదుకు విధమును దయచేసెను. అడవిగాడిదకు ఉప్పుపర్రను నివాసముగా నేనే ఇచ్చితినని ఆయన యోబుతో చెప్పెను. మనము శాపము అనుకొన్న చోటును ఆయన ఇల్లు అని పిలిచెను.

అయితే యిర్మీయా చవిటి భూమిని శాపముతో చేర్చి చెప్పలేదా? చెప్పెను. కాని ఆ వాక్యము మరల చదువుడి. శపింపబడినవాడు చవిటి నేలలో నున్నవాడు కాడు. నరుని ఆశ్రయించి తన హృదయమును యెహోవామీదనుండి తొలగించుకొన్నవాడు. నేలను చూచి మనిషి హృదయమును తీర్పు తీర్చవద్దు.

మరియొక మాట. మరణము సంభవించిన ఇంటికి మనము పోయి, “విశ్వాసులు ఏడువరాదు” అని చెప్పుదుము. రాత్రివేళ ఒంటరిగా కన్నీరు రాల్చు విధవరాలు పిచుల వృక్షమువంటిది. ఉప్పును బయటికి విడుచుటయే ఆమె బ్రదుకు. ఆమె నోరు మూయింపకుడి. లాజరు సమాధియొద్ద ప్రభువును ఏడ్చెను. మరియొక సహోదరుడు కన్నీరు చూపడు, మాటలాడడు, లోపలనే భరించును. అతని గుండె రాయి అని అనకుడి. అతడు దళసరి ఆకు మొక్కవంటివాడు. ఒకరికి ఆయన కన్నీరు ఇచ్చెను, ఒకరికి మౌనమిచ్చెను. సంఘములో ఇద్దరికిని చోటున్నది.

అయినను ఉప్పంతయు దేవుడు పంపినదే అని చెప్పకూడదు. ఆ సముద్రము నేడు ఏటేట సుమారు ఒక మీటరు చొప్పున క్రుంగిపోవుచున్నది. ముఖ్య కారణము, దానిలో పడవలసిన యొర్దాను నీటిని మనుష్యులు మళ్లించుకొనుటయు, లవణముల నిమిత్తము దక్షిణమున నీటిని ఎండబెట్టుటయును. మన తీరమునందును, తన రొయ్యల చెరువు ఉప్పునీటిచేత పొరుగువాని వరిచేను చవుడైపోగా, “దేవుని చిత్తము, ఓర్చుకొనుము” అని అతనికి చెప్పువాడు దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరించుచున్నాడు. అట్టివాడు మొదట నష్టము తీర్చి, తరువాత ప్రార్థనకు రావలెను. ఓర్పు బాధపడువాడు దేవునియొద్ద నేర్చుకొనునది. బాధపెట్టినవాడు బోధించునది కాదు.

ఇక, నీ ఇంట ఇంకను తీరని ఉప్పుతో ఈ పత్రిక చదువుచున్న సహోదరీ, సహోదరుడా! పౌలు ముల్లు తీసివేయబడలేదు, కృప ఇయ్యబడెను. లేవీయకాండము 2:13 ప్రకారము ఉప్పులేని నైవేద్యము దేవుని బలిపీఠమునకు చేరరాదు. విడువబడిన ఆ ఉప్పు నేలలు మందిరమునకు ఉప్పు ఇచ్చుటకే మిగిలినవని పెద్దలు కొందరు వివరించిరి. నీ ఉప్పును ఆయన వ్యర్థము చేయడు.

ప్రార్థన: ప్రభువా, మా చవుడు తీర్చగలవాడవు నీవే. తీర్చువరకు దానిలో పచ్చగా నిలుచు విధమును మాకు నేర్పుము. మా పొరుగువాని నేలలో మేము ఉప్పు పోయకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.