అంపైరు లేని ఆట

అమెరికా దేశపు ఈశాన్య తీరమున, మస్సాచుసెట్స్ రాష్ట్రములో, కేప్ కాడ్ కాలువ అను జలమార్గము ఒకటి కలదు. వేసవి దినములలో తెల్లవారకమునుపే దాని రాతిగట్లమీద గాలము వేయువారు వరుసగా నిలుచుందురు. వారు కోరి వచ్చునది చారల బాస్ అను చేప. వెండివంటి దాని ప్రక్కలమీద నల్లని చారలు తలనుండి తోకవరకు సాగియుండుటచేత దానికి ఆ పేరు కలిగెను. అది ఎర ముట్టువరకు ఎదురుచూచుట తప్ప చేయదగిన పని వేరొకటి లేదు. కాబట్టి మాటలు సాగును. మాట ఎక్కడ మొదలైనను తుదకు బేస్‌బాల్ ఆటవద్దకే చేరును. తెలుగు పల్లెలలో రచ్చబండమీద క్రికెట్టు ముచ్చట ఎట్టిదో, అక్కడ బేస్‌బాల్ ముచ్చట అట్టిది. బోస్టన్ నగరపు రెడ్ సాక్స్ జట్టు గెలిచినను ఓడినను ఆ గట్టుమీద మరునాటి ఉదయమున దానికి విచారణ జరుగక మానదు.

ఆ ఆట నెరుగని చదువరులకు ఒక మాట చాలును. క్రికెట్టులో బౌలరువలె అందులో పిచ్చరు బంతిని విసరును. బ్యాటు పట్టినవాడు దానిని కొట్ట యత్నించును. బంతి సరియైన హద్దులో వచ్చినదో లేదో వెనుక నిలిచిన అంపైరు చెప్పును. మనుష్యుని కన్ను పొరబడవచ్చునని తలంచి, 2014లో వీడియో సమీక్షను విస్తరింపజేసిరి. ఇన్ని కన్నులు కనిపెట్టియున్నను వంచన ఆగలేదు. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టువారు కెమెరా సహాయముతో ఎదుటి జట్టు క్యాచరు చేయు రహస్య సంజ్ఞలను చూచి, చెత్తడబ్బాను మ్రోగించి, రాబోవు బంతి ఎట్టిదో తమ బ్యాటరుకు తెలియజేసిరి. ఆ సంవత్సరమే వారు ఛాంపియనులైరి. 2019లో సంగతి వెల్లడియాయెను. 2020 జనవరిలో ఆ జట్టు మేనేజరును, జనరల్ మేనేజరును ఒక సంవత్సరము తొలగించి, జట్టుకు 50 లక్షల డాలర్ల జరిమానా విధించిరి. ఆటగాండ్రకు మాత్రము ఏ శిక్షయు కలుగలేదు. గట్టుమీద నిలిచినవారు దీనిని తలంచుకొని నేటికిని మండిపడుదురు. వారి కోపము అన్యాయమైనదియు కాదు.

అయితే ఇంత కఠినముగా తీర్పు తీర్చు ఆ మనుష్యుని చేతిలోనే ఒక గాలపుకర్ర యున్నది. అతడును ఒక ఆట ఆడుచున్నాడు. దానికిని నియమములు కలవు. ఎంత పొడవుగల చేపను ఉంచుకొనవచ్చును, దినమునకు ఎన్నింటిని, ఏ విధమైన గాలముతో పట్టవలెను అనునవన్నియు వ్రాయబడియున్నవి. గాని అక్కడ వెనుక నిలిచిన అంపైరు లేడు. అధికారులున్నను, అంత పొడవైన తీరమున ప్రతి గట్టునకు ఒకని నిలుపుట అసాధ్యము. ఆటగాడును తానే, అంపైరును తానే. ఇతరుల ఆటను గూర్చి ఇంత నిశితమైన న్యాయదృష్టిగలవాడు తన ఆటలో తనకు తాను ఎట్టి తీర్పు తీర్చుకొనును? ఈ ప్రశ్న చేపల సంగతిగా కనబడినను మనుష్యుని అంతరంగమునకు సంబంధించినది.

ఆ గట్టుమీద ఇద్దరిని ఊహించుకొనుడి. ఒకడు వయసు చెల్లినవాడు, మరియొకడు అతని మేనల్లుడు. మూడు గంటలు నిలిచినను ఒక్క చేపయు పడలేదు. నిన్నటి ఆటలో అంపైరు చేసిన తప్పిదమును గూర్చి యువకుడు ఆవేశముతో మాటలాడుచుండగా అతని గాలము ఒక్కసారి వంగినది. పెనుగులాడి చేపను ఒడ్డునకు తెచ్చిరి. కొలబద్దమీద పెట్టి చూడగా అది ముప్పదియొక్క అంగుళములకు అర అంగుళము ఎక్కువగా నున్నది. ఉంచుకొనదగిన పరిమాణము ఇరువదియెనిమిది మొదలు ముప్పదియొక్క అంగుళముల వరకు మాత్రమే. యువకుడు చుట్టును చూచెను. చీకటి ఇంకను విడిపోలేదు. “అర అంగుళమే గదా, ఎవరు చూచుదురు?” అనెను. పెద్దవాడు ఏమియు పలుకక చేతులు నీళ్లలో తడుపుకొని, గాలమును మెల్లగా తీసి, చేప తలను ప్రవాహమునకు ఎదురుగా పట్టి, అది తోక ఆడించువరకు వేచి, విడిచిపెట్టెను. తరువాత, “నిన్న ఆ అంపైరును ఏమనుచుంటివి?” అని అడిగెను.

ఆ అర అంగుళము విలువ ఏమి? దానికొక చరిత్ర కలదు. 1970వ దశాబ్ది చివరను, 1980వ దశాబ్ది ఆరంభమునను మితిమీరి పట్టుటవలన చారల బాస్ సంతతి ఘోరముగా క్షీణించెను. 1984లో అమెరికా కాంగ్రెసు దాని సంరక్షణకై శాసనము చేసెను. 1985లో మేరీలాండ్ రాష్ట్రము చెసపీక్ అఖాతములో దానిని పట్టుటను పూర్తిగా నిషేధించి, 1990వరకు ఆ నిషేధమును నిలిపెను. 1995లో ఆ చేప సంతతి తిరిగి నిలదొక్కుకొనెనని ప్రకటింపబడెను. అంతటితో జాగ్రత్త సడలెను గాబోలు, 2019నాటి పరిశీలనలో అది మరల క్షీణించినట్లు తేలెను. 2023లో సముద్రతీరమున వినోదమునకై పట్టువారికి ఇరువదియెనిమిది మొదలు ముప్పదియొక్క అంగుళముల హద్దు నియమింపబడెను. చిన్నది ఇంకను గ్రుడ్లు పెట్టలేదు గనుక దానిని విడువవలెను. పెద్దది బహుగా గ్రుడ్లు పెట్టు తల్లి గనుక దానిని విడువవలెను. ఒక పెద్ద చేప ఒక్క ఋతువులో లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. కాబట్టి ఆ అర అంగుళమునకు ఆవల నున్నది ఒక తరమంతటికి తల్లి.

ఇట్టి నియమము నవీనమైనదని తలంపరాదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన చిన్న ఆజ్ఞ యొకటి కలదు. త్రోవలో చెట్టుమీదనో నేలమీదనో గూడు కనబడి, తల్లిపక్షి పిల్లలమీదనో గ్రుడ్లమీదనో కూర్చుండియున్నయెడల, పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని తప్పక విడిచిపెట్టవలెను. గొప్ప నేరములను గూర్చిన ఆజ్ఞల మధ్య ఈ స్వల్ప విషయమేల యని పాఠకుడు ఆశ్చర్యపడవచ్చును. దాని స్థలమును గమనింపవలెను. అది త్రోవలో తటస్థపడిన గూడు. అది ఎవని ఆస్తియు కాదు. దానికి కావలివాడు లేడు. తీసికొనువానిమీద ఫిర్యాదు చేయువాడు లేడు. అట్టి స్థలముననే ఆజ్ఞ అతనిని కలిసికొనుచున్నది. ఆహారమును తీసికొనుటకు అనుమతి కలదు. ఆహారమునకు మూలమైనదానిని నిర్మూలము చేయుటకు అనుమతి లేదు. భూమిని ఏలుటకు మనుష్యునికి ఇయ్యబడిన అధికారమునకు ఇది హద్దురాయి.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన ‘రిపబ్లిక్’ గ్రంథములో గైజెస్ ఉంగరపు కథను చెప్పించెను. దానిని త్రిప్పినవాడు ఎవరికిని కనబడడు. అట్టి ఉంగరము దొరికిన తరువాతను ఎవడైనను న్యాయవంతుడుగా నుండునా అనునది ఆ కథలోని ప్రశ్న. తెల్లవారుజామున గట్టుమీద నిలిచినవాని వ్రేలికి ఆ ఉంగరము ఉన్నట్లే. ఉంగరమునకు లొంగనివారును ఉన్నారు. బేస్‌బాల్ ముచ్చటలో తరచుగా వినబడు పేరు టెడ్ విలియమ్స్. ఈయన 1939 మొదలు 1960వరకు రెడ్ సాక్స్ జట్టుకు ఆడెను. గాలము వేయుటలోను అంతటి నిపుణుడు. 1941 సెప్టెంబరు 28న, ఆ ఋతువు చివరి దినమున, ఆయన బ్యాటింగు సగటు .39955. దానిని .400గా వ్రాయుట ఆ ఆటలో వాడుక. ఆ దినమున ఆడక కూర్చుండినయెడల ఆ గొప్ప సంఖ్య ఆయనకు దక్కియుండెడిది. కూర్చుండుటకు మేనేజరు అవకాశమిచ్చినను ఆయన అంగీకరింపలేదు. ఫిలడెల్ఫియాలో ఆనాడు జరిగిన రెండు ఆటలును ఆడి, ఎనిమిదింటిలో ఆరుసార్లు సఫలుడై, .406తో ముగించెను. ఇది నియమభంగమునకు సంబంధించిన సంగతి కాదు. కూర్చుండుట నియమమునకు లోబడినదే. అయినను తనది కాని భిన్నమును తనదిగా ఎంచుకొనుటకు ఆయన ఒప్పుకొనలేదు. అక్కడ వెయ్యిలో అరవంతుకంటె తక్కువ. ఇక్కడ అర అంగుళము. తరువాతి కాలమున ఆయన కెనడాలోని మిరమీషి నదిలో సాల్మన్ చేపలను పట్టుచు, వాటి సంరక్షణకై మాటలాడినవాడు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణమును కలదు. 2022 సెప్టెంబరులో ఓహైయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్‌లో, ఈరీ సరస్సు చేపల పోటీలో, ప్రథములుగా తూగిన ఇద్దరి చేపలను కోసి చూడగా వాటి కడుపులలో సీసపు గుండ్లు బయటపడెను. వారు 2023లో నేరము నొప్పుకొని పది దినముల చెరసాలకు పోయిరి. ఈ వార్త విన్న గాలగాండ్రందరు వారిని నిందించిరి. అయితే అక్కడ త్రాసు ఉండెను, కోసి చూచు చేయి ఉండెను. త్రాసు లేని గట్టుమీద అర అంగుళమును దిగమ్రింగినవానిని ఎవరు నిందింతురు?

ఇంతమట్టుకు చెప్పినదానిని విని, చేపలను విడిచిపెట్టువాడు తాను నిర్దోషినని ధైర్యపడవచ్చును. అక్కడనే మరియొక అపాయము పొంచియున్నది. చేపకు బాధ కలుగునా అను ప్రశ్నను త్రోసివేయుట ఇప్పుడు సులభము కాదు. గాయమును గుర్తించు నాడీగ్రాహకములు ట్రౌటు చేప తలలో ఉన్నవని 2003లో బ్రిటనులోని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. విడిచిపెట్టు ఉద్దేశముతోనే చేపను పట్టుటను స్విట్జర్లాండు దేశము నిషేధించినది. తినుటకు పట్టుటలో అవసరమైనను కలదు. వినోదమునకై పట్టి విడుచుటలో ఏ అవసరము కలదని వారి వాదము. ఇది తేలికగా కొట్టివేయదగిన వాదము కాదు.

లెక్కయు అట్లే హెచ్చరించుచున్నది. గట్టునుండి విడువబడిన చారల బాస్‌లలో నూటికి తొమ్మిది తరువాత చచ్చునని సంరక్షణాధికారులు లెక్కకట్టుదురు. కొన్ని సంవత్సరములలో, వినోదమునకై పట్టినవారు ఇంటికి కొనిపోయిన చేపలకంటె, విడిచిన తరువాత చచ్చినవే ఎక్కువ యని తేలెను. ఆ లెక్కప్రకారము, ఒక ఉదయమున ముప్పది చేపలను పట్టి ముప్పదింటిని విడిచినవాడు దాదాపు మూడింటిని చంపెను. హద్దులోనున్న ఒక్క చేపను పట్టి, కర్ర చుట్టి, ఇంటికి పోయి కుటుంబముతో భుజించినవాడు ఒక్కదానినే చంపెను. మొదటివాడు తన దయను తలంచుకొని సంతోషించును; రెండవవానికి అట్టి సంతోషము లేదు. అయినను నీటిలోని ప్రాణుల పక్షమున లెక్క చూచినయెడల రెండవవాని చేయియే తేలికైనది. విడుదల మంచిది, గాని అది పాపపరిహారపత్రము కాదు. ఎర వేయువారు 2021 మొదలు వలయాకారపు గాలమునే వాడవలెనని నియమించుటకు హేతువిదే. అది గొంతులో దిగక పెదవి మూలను పట్టుకొనును. చేతులు తడుపుకొనుట చేప ఒంటిమీది జిగటపొర చెడకుండుటకు. ఎక్కువసేపు అలయనీయక త్వరగా ఒడ్డునకు తెచ్చుట అది తేరుకొనుటకు. వీటన్నిటికంటె కష్టమైనది, ఇక చాలునని కర్రను మడుచుట. దానిని ఏ శాసనమును ఆజ్ఞాపింపదు.

తెలుగు చదువరి ఇచ్చట తన తీరమును తలంచుకొనును. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14వరకు, అరువదియొక్క దినములు, తూర్పు తీరమున మరపడవలు సముద్రములోనికి పోరాదు. అది చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. అక్కడ ఆగుచున్నది వినోదము కాదు, పూటకూడు. బ్రదుకుతెరువునకై వల వేయువాడు రెండు నెలలు ఒడ్డున నిలిచియుండగా, ఉల్లాసమునకై గాలము వేయువాడు అర అంగుళమును విడువజాలకపోయినయెడల, ఎవని చేతిలో అధికముగా ఇయ్యబడెనో ఆలోచింపవలెను.

మిక్కిలి కొంచెములో నమ్మకముగా నుండువాడు ఎక్కువలోను నమ్మకముగా నుండునని లూకా సువార్త 16వ అధ్యాయములో ప్రభువు బోధించెను. కొంచెమైనది కొంచెమైనందుననే పరీక్షగా నిలుచును. గొప్ప విషయములలో మనుష్యుని చూచు కన్నులు అనేకములు. ఇతరుల తప్పిదములను పట్టుకొను ఆ నిశితమైన చూపు వ్యర్థమైనది కాదు. దానిని ముందుగా తన కొలబద్దమీద నిలుపుకొనుటయే కావలసినది.

గట్టుమీది యువకుడు మామ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పలేదు. కొంతసేపటికి ఎర మార్చుకొని మరల గాలము విసరెను. తూర్పున వెలుగు వచ్చుచుండెను. మాట మరల బేస్‌బాల్‌వద్దకే చేరెను. గాని ఈసారి అంపైరును గూర్చి అతడు కొంచెము మెత్తగా మాటలాడెను.