గేటు బయటి గడియారం

ఓరుగల్లు పక్కన, రైలుకట్టకు కూతవేటు దూరంలో, ఒక నూలు మిల్లు ఉండేది. మిల్లుకు పేరు లేదు. అందులో బతికినవాళ్ల పేర్లూ ఈ కథలో రావు. ఇది కల్పించి చెబుతున్న కథ.

మిల్లు పెట్టిన కొత్తలో చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తరలివచ్చారు. కొందరు మగ్గం మూలపడ్డ నేతగాళ్లు. కొందరు దొర గడీలో వెట్టి చేయలేక రాత్రికి రాత్రి ఊరు విడిచినవాళ్లు. పొలం అప్పుల్లో పోయినవాళ్లు ఇంకొందరు. పల్లెలో ఉన్నన్నాళ్లు వాళ్లకు కోడికూత తెలుసు, వేగుచుక్క తెలుసు, నడినెత్తిన పొద్దు తెలుసు. దొర ఎంత చెడ్డవాడైనా పొద్దును మాత్రం ముందుకో వెనక్కో జరపలేకపోయేవాడు.

మిల్లులో పొద్దు కనబడేది కాదు. అక్కడ వేళ చెప్పేది మిల్లు కూత. కూత వేయించేది హాజరు గుమాస్తా. ఆ గుమాస్తాకు వేళ చెప్పేది ఆఫీసు గదిలో, అద్దాల పెట్టెలో ఉన్న గడియారం. పెట్టె తాళంచెవి గుమాస్తా జేబులో ఉండేది. పొద్దున కూత ఆగేలోపు గేటు దాటనివాళ్లకు సగం రోజు కూలి పోయేది. సాయంత్రం కూత పడేదాకా ఎవరూ మిషను విడవకూడదు. గడియారం కొనగలిగిన కూలీ ఆ రోజుల్లో ఒక్కడూ లేడు.

యజమాని మంచివాడు. ఈ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కథ మలుపు తిరిగేది ఇక్కడే. బతుకమ్మ పండుగకు ఆడవాళ్లకు చీరలు పెట్టేవాడు. రంజానుకు సేమ్యాలు పంచేవాడు. ఎవరైనా చనిపోతే చావు ఖర్చు ఇచ్చేవాడు. కూలీని కొట్టిన మేస్త్రీని ఒకసారి అందరి ముందు వెళ్లగొట్టాడు. జనం ఆయన్ను నోరారా దీవించేవారు. ఆ దీవెనల్లో అబద్ధం లేదు.

దొంగలెక్క చేయమని ఆయన ఎవరికీ చెప్పలేదు. నెలాఖరున నూలు బేళ్లు ఎక్కువ వస్తే మెచ్చుకొనేవాడు, అంతే. ఆ మెచ్చుకోలు గుమాస్తాకు రుచి తగిలింది. ఒకరోజు తెల్లవారుజామున గడియారం ముల్లును కొంచెం ముందుకు తోశాడు. సాయంత్రం కొంచెం వెనక్కు లాగాడు. ఎవరికీ తెలియలేదు. మరుసటి వారం ఇంకొంచెం జరిపాడు.

కండెలు దించే ఖాతాలో ఒక తల్లి పనిచేసేది. ఇంటి దగ్గర పాలు తాగే పిల్ల ఉండేది. మొదట్లో సాయంత్రం పాసింజరు రైలు కట్ట మీద కూసే వేళకు ఆమె గుడిసె చేరి పిల్లను ఒళ్లోకి తీసుకొనేది. కొన్నాళ్లకు రైలు కూసేసరికి దారిలోనే ఉండేది. ఇంకొన్నాళ్లకు గేటు దగ్గర, ఆ తర్వాత మిషను దగ్గరే ఉండిపోయేది. రైలు పెందలాడే వస్తోందని ఆమె అనుకుంది. పక్క మిషను వాడు తన మోకాళ్లు అరిగి నడక మందగించిందనుకున్నాడు. ఒక ముసలి నేతగాడు వయసు మీదపడి రోజు పొడుగ్గా తోస్తోందనుకున్నాడు. పొద్దున గేటు దగ్గర కూలి పోగొట్టుకున్నవాళ్లు తమ బద్ధకాన్ని తామే తిట్టుకున్నారు. ఇంతమందిలో ఎవరికీ గడియారం మీద అనుమానం రాలేదు. తప్పు తమ ఒంట్లోనే ఉందని అందరూ నమ్మారు. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఒకనాడు ఆ తల్లికి చేతిలోని పనే సాక్ష్యం చెప్పింది. మిషను ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగేది. కండెలు నిండడానికి ఎప్పుడూ అంతే సేపు పట్టేది. ఒక కూత నుంచి మరో కూతలోగా ఎన్నిసార్లు కండెలు దించేదో ఆమె చేతులకు అలవాటు. ఇప్పుడు ఒకసారి ఎక్కువ దించుతున్నట్టు తోచింది. ఆమెకు అంకెలు రాయడం రాదు. కింద పడ్డ పనికిరాని నూలుపోగు ఒకటి తీసి, కండెలు దించినప్పుడల్లా ఒక ముడి వేసింది. సాయంత్రం దాన్ని ఇంటి చూరులో దోపింది. మర్నాడు ఇంకో పోగు. పండుగ ముందు పోగులూ పండుగ తర్వాతి పోగులూ పక్కపక్కన పెట్టి చూస్తే ముడులు పెరిగాయి. కూలి పెరగలేదు.

ఆమె ఆ పోగులను ముసలి నేతగాడికి చూపించింది. పడుగు కొలిచి బతికినవాడు గనుక ఆయనకు వెంటనే అర్థమైంది. అయినా ఒక్కరి లెక్కను ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. దూది ఏకే ఖాతాలో ఒకరు, నూలు చుట్టే ఖాతాలో ఒకరు, సాంచాల దగ్గర ఒకరు, ఒకరికి తెలియకుండా మరొకరు ముడులు వేశారు. నెల తిరిగాక అందరి పోగులూ ఒకచోట పరిచారు. ఎవరి పని వారిదే గాని, అందరి ముడులూ అదే వరసలో పెరిగాయి.

అందరూ కలిసి యజమాని దగ్గరకు పోయారు. ఆయన పోగులు చూశాడు, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ పూటే గుమాస్తాను తీసేశాడు. అందరికీ ఒక రోజు కూలి అదనంగా ఇచ్చి మిఠాయిలు పంచాడు. కూలీలు ఆయన మెడలో దండ వేసి ఇళ్లకు పోయారు.

కొత్త గుమాస్తా వచ్చాడు. యజమాని నెలాఖరున బేళ్లు లెక్కపెడుతూనే ఉన్నాడు. ఆరు నెలలకు ముడులు మళ్లీ పెరిగాయి. జనం మళ్లీ పోయారు, ఆయన మళ్లీ బాధపడ్డాడు, రెండో గుమాస్తా కూడా పోయాడు. ఈసారి పాలు తాగే పిల్లల కోసం గేటు పక్కన ఒక పాక కూడా వేయించాడు. తల్లులు దండం పెట్టారు.

మూడోసారి ముడులు పెరిగినప్పుడు జనం యజమాని గుమ్మం తొక్కలేదు. ఒక పొద్దున కూత పడింది గాని ఎవరూ గేటు దాటలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే. గడియారాన్ని ఆఫీసు గదిలోంచి తెచ్చి గేటు బయట, బాట మీద పోయేవాళ్లందరికీ కనబడేలా వేలాడదీయాలి. దాని కింద ఏ వేళకు పని మొదలో, ఏ వేళకు ఆఖరో అందరికీ తెలిసే అక్షరాల్లో బోర్డు రాసి పెట్టాలి.

యజమానికి మనసు నొచ్చింది. కూలి పెంచమంటే పెంచేవాడు. గడియారం బయట పెట్టమనడం తనను నమ్మకపోవడమేనని ఆయనకు తోచింది. కూలి రెండణాలు పెంచుతానని కబురు పంపాడు. కొందరి మనసు చలించింది. పిల్లలు పస్తులుంటే రెండణాలు చిన్న మాట కాదు. కూరగాయలమ్మే ఆమె అప్పు ఇచ్చింది, కల్లు దుకాణం వాడు బియ్యం పంపాడు. వారం గడిచింది, రెండో వారం నడిచింది. మొదట ముడులు వేసిన తల్లి ఏమీ ప్రసంగించలేదు. ఏడాది పొడుగునా దాచిన పోగులన్నీ తెచ్చి గేటు ఊచలకు కట్టింది.

యజమాని ఒక సాయంత్రం వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పాసింజరు రైలు కట్ట మీద కూసింది. కోటు జేబులోని తన గడియారం తీసి చూశాడు. లోపలికి పోయి ఆఫీసు గడియారం చూశాడు. రెండింటికీ పొత్తు కుదరలేదు. మర్నాడు వడ్రంగిని పిలిపించాడు.

గడియారం గేటు బయటికి వచ్చింది. మూడో గుమాస్తా మొదటి ఇద్దరికంటే మంచివాడేమీ కాదు. కానీ ముల్లు జరిగితే బడికి పోయే పిల్లలకు తెలుస్తుంది, రైలు దిగి వచ్చేవాళ్లకు తెలుస్తుంది, కూరగాయలమ్మే ఆమెకు తెలుస్తుంది. అతను దాని జోలికి పోలేదు. కొన్నేళ్లకు యజమాని కన్నుమూశాడు. మిల్లు కొన్నవాడు కఠినుడు. చీరలు ఆపేశాడు, మిఠాయిలు ఆపేశాడు, పిల్లల పాకను పీకించి దూది నింపాడు. రోజును మాత్రం పొడిగించలేకపోయాడు.

కథ నాదే అయినా గడియారం గొడవ నిజం. బ్రిటన్ మిల్లుల్లో పొద్దున ముళ్లు ముందుకూ రాత్రి వెనక్కూ జరిపేవారని, కూలీల దగ్గర గడియారం ఉంటే లాక్కొనేవారని ఆనాటి కార్మికుల జ్ఞాపకాల్లో ఉంది. అందుకే 1844 నాటి ఫ్యాక్టరీ చట్టంలో, పని వేళలను అందరికీ కనబడే గడియారం ప్రకారమే లెక్కించాలని అక్కడి పార్లమెంటు రాయవలసి వచ్చింది. ఆడవాళ్లకూ పద్దెనిమిదేళ్లలోపు కుర్రవాళ్లకూ పది గంటల హద్దు పెట్టిన చట్టం 1847లో వచ్చింది.

మన దేశంలో 1881 నాటి మొదటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దని అంది. కానీ పెద్దల పనిగంటలకు హద్దే పెట్టలేదు. 1884లో బొంబాయిలో, సంఘసంస్కర్త ఫూలే బాటలో నడిచిన నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కూలీలను కూడగట్టి 5,500 మంది సంతకాలతో అర్జీ తయారుచేశాడు. ఆ అర్జీలో ఎవరి కరుణనూ అడగలేదు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, పొద్దున ఆరున్నర నుంచి పొద్దుగూకేవరకే పని, నెలలో 15వ తేదీలోపు జీతం అని అడిగారు. ఇవన్నీ క్యాలెండరులోనో గడియారంలోనో పొద్దులోనో చూసి తేల్చుకోగలిగినవే. ఆదివారం సెలవు 1890లో దక్కింది.

ఓరుగల్లులో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన పెద్దకొడుకు ఆజం జాహ్ పేరిట ఆజంజాహి మిల్లు పెట్టించింది 1934లో. బ్రిటిష్ ఇండియాలో వారానికి 54 గంటల హద్దు పెట్టిన చట్టం కూడా ఆ ఏడాదిదే. నిజాం రాజ్యం వేరు గనుక ఆ చట్టం దానంతటది ఇక్కడికి రాలేదు. 1946లో కవి మఖ్దూం మొహియుద్దీన్ అధ్యక్షుడిగా అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ నిలబడింది. స్వతంత్ర భారతదేశం చేసిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అంది. పని వేళల నోటీసు ఫ్యాక్టరీలో అంటించాలని, చట్టం సారాంశాన్ని కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ పెట్టాలని అంది. 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల పసిపిల్లలకు గది ఉండాలని కూడా అంది. కథలో యజమాని దయతో వేసిన పాక, చట్టంలో ఎవరూ పీకించలేని గది అయింది.

కథలోని మంచి యజమాని మనసు ఎంత గొప్పదైనా, అది ఆయన బతికినన్నాళ్లే, ఆయనకు తెలిసినంత మేరకే పనిచేసింది. ఆ తల్లి అడిగింది ఆయన మంచితనాన్ని కాదు, మంచివాడూ చెడ్డవాడూ ఒకేలా లోబడవలసిన, కూలీ తన కళ్లతో సరిచూసుకోగల లెక్కను. బ్రిటన్ నుంచి బొంబాయి మీదుగా ఓరుగల్లు దాకా కార్మికులు పోరాడి తెచ్చుకున్నది ఆ లెక్కనే.

ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. 2017లో గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది, అక్కడ కొత్త ఫ్యాక్టరీలు లేచాయి. 1948 చట్టం స్థానంలోకి ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినా, వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. పల్లెల నుంచి బస్సెక్కి అక్కడికి పనికి పోయే ఆడపిల్లలకు, మొదటి రోజే పని వేళల బోర్డు ఎక్కడుందో చూసి రమ్మని ఇంట్లోవాళ్లు చెప్పి పంపాలి.