కుక్కకు అసూయ పుడితే కట్టె పట్టడం ధమ్మమేనా?



తొర్రూరులో గానీ, చుట్టుపక్కల పల్లెల్లో గానీ కుక్కను సాదుకునే ఇండ్లకు కొదువ లేదు. ఇంట్లో పసిబిడ్డ పుట్టినా, ఇంకో కుక్కపిల్లను తెచ్చినా, అన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క మారిపోతది. నడుమ దూరుతది, గుర్రుమంటది. "దీనికి కుళ్లు పుట్టింది" అని మనం కట్టె అందుకుంటం. అది ధమ్మమేనా?

కుక్కకు అసూయ ఉంటదా అన్నది మొదటి సందేహం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు శాన్ డియాగోలో 36 పెంపుడు కుక్కలను పరీక్షించి, 2014లో ఫలితాలు ప్రకటించారు. యజమాని పుస్తకం చదువుతుంటే 22 శాతం కుక్కలే వచ్చి అతన్ని నెట్టాయి. మొరిగే బొమ్మకుక్కను ముద్దు చేస్తుంటే 78 శాతం నెట్టాయి. మనిషి అసూయా, కుక్క అసూయా ఒక్కటేనని దీంతో రుజువు కాదు. కానీ తనకు దక్కే ప్రేమ ఇంకొకరికి పోతుంటే కుక్క ఊరుకోదని తెలుస్తున్నది.

వైరం లేకుండా బతకాలనుకునే జీవులు వైరంతోనే ఎందుకు బతుకుతున్నాయని దీఘనికాయంలోని సక్కపన్హ సుత్తంలో సక్కుడు అడుగుతాడు. ఇస్సా, మచ్చరియ, అంటే ఈర్ష్య, లోభమే కారణమని బుద్ధుడు చెప్తాడు. వాటికి మూలం ఇష్టాయిష్టాలు అంటాడు. కుక్క ఈ సుత్తం వినలేదు, ముదితను సాధన చేయలేదు. మనం చేయగలం. కాబట్టి బాధ్యత తెలివి ఉన్నవాళ్లదే.

కొడితే ఏమైతది? బిడ్డ దగ్గరికి పోతే దెబ్బలు పడతాయని కుక్క నేర్చుకుంటది. బిడ్డ మీద భయం, పగ పెరుగుతాయి. గుర్రుమనడం దాని హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, రేపు చప్పుడు లేకుండానే కరవొచ్చు. మొదటి శీలం జీవహింస వద్దన్నది. ఇక్కడ ఆ శీలమే బిడ్డకూ రక్షణ.

మరేం చేయాలి? బువ్వ, నీళ్లు, బయట తిప్పడం పాత వేళకే జరగాలి. రెండు కుక్కలుంటే గిన్నెలు వేర్వేరుగా, దూరంగా పెట్టాలి. నడుమ దూరితే తిట్టకుండా, బుజ్జగించకుండా కాసేపు పట్టించుకోవద్దు. నెమ్మదిగా కూర్చున్నప్పుడు పేరు పెట్టి పిలిచి, నిమిరి, ఓ ముక్క పెట్టాలి. బిడ్డ దగ్గరున్నప్పుడే దానికి మంచి జరిగితే, బిడ్డ దానికి పోటీ కాదు. గుర్రుమంటే కొట్టకుండా ఇద్దరినీ దూరం చేయాలి. ఎంత మంచి కుక్కయినా పసిబిడ్డతో ఒంటరిగా వదలొద్దు. కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి వెంటనే దవాఖానకు పోవాలి. గుర్రుమనడం తగ్గకుంటే పశువైద్యుణ్ని అడగాలి.

సమానంగా చూడడమంటే అందరికీ ఒకే తీరు పెట్టడం కాదు. బిడ్డకు పాలు కావాలి, కుక్కకు బువ్వ కావాలి. ఒకరు వచ్చారని ఇంకొకరి పాలు పోవద్దు, అంతే. ఆ నమ్మకం కలిగిన చోట ఈర్ష్యకు బలం తగ్గుతది. ఇంట్లో పిల్లలు కూడా మన చేతినే చూస్తుంటరు. ఆ చేతిలో కట్టె ఉంటే కట్టెనే నేర్చుకుంటరు, గిన్నె ఉంటే పంచడం నేర్చుకుంటరు.

నమో బుద్ధాయ! జై భీమ్!