గట్టు దాటిన నిప్పు



నిర్గమకాండము 22వ అధ్యాయము 6వ వచనములో సేద్యగాండ్రకు ఒక న్యాయవిధి కలదు. ఒకడు పెట్టిన నిప్పు కంపకు తగిలి పొరుగువాని పంటను కాల్చినయెడల, నిప్పు పెట్టినవాడే ఆ నష్టము తీర్చవలెను. “నా గట్టుమీదనే గదా పెట్టితిని” అను మాట అక్కడ చెల్లదు.

చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువాడును “నా రొమ్ము, నా యిష్టము” అనును. పొగకు గట్టు ఎక్కడిది? జపానులో హిరయామా అను పరిశోధకుడు పొగత్రాగని 91,540 మంది భార్యలను 14 సంవత్సరములు కనిపెట్టి చూచి, 1981లో ఫలితము ప్రకటించెను. భర్త ఎంత హెచ్చుగా త్రాగిన, భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు అపాయము అంత హెచ్చెనని తేలెను. ఇతర దేశముల పరిశోధనలును పిమ్మట దీనిని బలపరచెను. ఆ పొగవలన బిడ్డలకు ఉబ్బసము ముదురును. కిటికీ తెరచినను ఆ విషము పూర్తిగా పోదు.

మన దేశములో 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములలో పొగత్రాగుట నిషేధము. అయితే ఆ చట్టము మన యింటి గడప దాటి లోపలికి రాదు. అక్కడ ప్రేమయే కావలి కాయవలెను.

కాలిన పంటకు గింజలు కొలిచి ఇయ్యగలము. భార్యాబిడ్డల ఊపిరిని ఏ కుంచముతో కొలిచి తిరిగి ఇయ్యగలము?

సహోదరుడా, నేడే మానుము. నేడే మానలేకున్నయెడల, ఇంటిలోను బిడ్డల దగ్గరను అంటింపకుము. మానుటకు వైద్యుని సాయము కోరుము, ప్రభువు బలమును వేడుకొనుము. ఆయన నీకు తోడైయుండును గాక. ఆమేన్.