ఊరికే ఇచ్చిన పీట

ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వెనుక వరండాలో రంపం, ఉలి, చిత్రిక పెట్టుకొని పీటలు, చిన్న అలమరలు చేసి బంధుమిత్రులకు ఇవ్వడం నాకు అలవాటైంది. మన ప్రభువు వడ్రంగి గనుక ఈ పని గొప్పదని కొందరంటారు. ఆ మాట చాటున నిలబడడం నాకిష్టం లేదు. నాది కాలక్షేపం. అయితే కాలక్షేపానికి చేసి ఊరికే ఇచ్చిన వస్తువులో లోపముంటే అది తప్పా, కాదా?

ఇక్కడ బరంపురంలో మా సంఘంలోని పెద్ద వయసు అక్కయ్యగారు ఒకరు ఒంటరిగా ఉంటారు. వంటింటి అటక మీది డబ్బాలు అందడం లేదంటే ఎత్తుపీట చేసి ఇచ్చాను. టేకు. మూడు కాళ్ళకు మంచి చేవ ముక్కలు దొరికాయి. నాలుగో కాలికి మిగిలిన ముక్కలో సగం బెరడు వైపు ఉండే తెల్లచెక్క. టేకుకు పురుగు పట్టదంటాం గాని ఆ మాట చేవకే చెల్లుతుంది. చెట్టు బ్రతికి ఉండగా నీటిని పైకి మోసేదీ, పిండిపదార్థం నిలువ చేసుకొనేదీ ఆ తెల్ల భాగమే. పురుగుకు కావలసిన ఆహారం అక్కడే ఉంటుంది. చేవలో పురుగును అడ్డుకొనే పదార్థాలు దానిలో ఉండవు. ఇదంతా నాకు తెలియనిది కాదు. "ఊరికే ఇస్తున్నదే గదా" అనుకొని ముదురు రంగు పూసి పైన వార్నిష్ వేశాను. నాలుగు కాళ్ళూ ఒక్కలాగే కనిపించాయి. అక్కయ్యగారు ఎంత మెచ్చుకున్నారో!

రెండేళ్ళ తరువాత ఒక సాయంత్రం వారింటికి వెళ్ళితే పీట మీద పూలకుండీ ఉంది. ఒక కాలికి గుండుసూది తలంత బెజ్జాలు, దాని కింద నేల మీద మెత్తని పొడి. రోజూ ఉదయం ఆ పొడి ఊడ్చుకుంటున్నారట. పీట ఎక్కడం ఎప్పుడో మానేసి డబ్బాలు కిందికి దించుకున్నారు. నాతో ఒక్క మాట అనలేదేమని అడిగితే, "మాస్టారూ, మీరు స్వయంగా చేసి మోసుకొచ్చింది గదా, ఏమని చెప్పమంటారు?" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కూలికి చేసిన వడ్రంగినైతే పిలిపించి నిలదీస్తాం. డబ్బు ఇచ్చినవారికి అడిగే నోరుంటుంది. కానుక ఇచ్చి ఆమెకు ఆ నోరు లేకుండా చేశాను. ఆమె కాలు జారి పడి ఉన్నా బహుశా పీటను అనేవారు కాదు, తన వయసునే అనుకొనేవారు.

"ప్రేమతో చేశావు, పోనీ" అన్నాడు మా తమ్ముడు. ఆమె బరువు మోయవలసింది ఆ కాలు గదా! చేతకాక వంకరపోయిన అతుకు వేరు. అది అందరికీ కనబడుతుంది, నవ్వుకుంటారు, నేనూ నవ్వుతాను. తెలిసి రంగు పూసినది వేరు.

1937లో వార్ధాలో గాంధీగారు ముందుంచిన బేసిక్ విద్యలో చేతిపనే కేంద్రం. పిల్లలు చేసిన వస్తువులు అమ్మి ఉపాధ్యాయుల జీతం రాబట్టాలన్న ఆలోచన కూడా అందులో ఉంది. పిల్లలను కూలీలుగా చేయడమేమిటని శిక్షణ కాలంలో మేము వాదించుకొనేవాళ్ళం. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కాని అమ్మకానికి వెళ్ళిన వస్తువును కనీసం ఒక పరాయివాడు తలకిందులు చేసి చూస్తాడు. నా పీటలను అలా చూసినవారు ఒక్కరూ లేరు.

అప్పటి నుండి ఏది ఇచ్చినా దాని లోపం చెప్పి ఇస్తున్నాను. ఇందులోనూ చిక్కుంది. మొన్న మేనల్లుడి గృహప్రవేశంలో ఇచ్చిన అలమరకు వెనుక పలక నాసిరకం ప్లైవుడ్ అని పదిమందిలో చెప్పేశాను. కోడలి ముఖం చిన్నబోయింది. "మీ మనసు తేలిక చేసుకోవడానికి ఆ పిల్ల సంతోషం పాడుచేయాలా?" అని మా ఇంట్లో మందలించారు. నిజమే. ఆ పలక మంచిది వేసి ఉంటే చెప్పవలసిన పనే ఉండేది కాదు.

అక్కయ్యగారి పీటకు చేవ కాలు వేసి, రంగు లేకుండా తిరిగి ఇచ్చాను. ఈసారి ఆమె థాంక్స్ చెప్పే ముందు పీటను తిరగేసి నాలుగు కాళ్ళూ వేలితో తడిమి చూశారు. నాకు కొంచెం గుచ్చుకుంది. అయినా చూడనిచ్చాను.